4కే స్ట్రీమ్ ఉంది, ఆట మాత్రం సగమే కనిపిస్తోంది: ఆస్ట్రేలియా ఫుటీ షోలు మన స్పోర్ట్స్ యాప్‌లకి చెప్పే సంగతి

టీవీ రివ్యూ అనగానే మనందరికీ ఒక అలవాటైన టెస్ట్ ఉంది. ఏదో ఒక స్పోర్ట్స్ క్లిప్ పెడతాం. బంతి వెనక తోక వస్తోందా, మోషన్ స్మూతింగ్ ఆన్ చేస్తే ప్లేయర్ల అంచులు చెదురుతున్నాయా, గడ్డి మరీ పచ్చగా కొడుతోందా అని చూసి మార్కులేస్తాం. ఫోన్‌కైతే 120 హెర్ట్జ్ ఉందా, ఎండలో బ్రైట్‌నెస్ సరిపోతుందా అని చూస్తాం. స్పోర్ట్స్ యాప్‌కైతే 4కే, లేటెన్సీ, బఫరింగ్. ఇవన్నీ చూడాల్సినవే. కానీ ఈ లిస్టులో ఒక ప్రశ్న ఎప్పుడూ ఉండదు. ఇంత క్లారిటీగా మనకి చూపిస్తున్నది ఆటలో ఎంత భాగం?

క్రికెట్‌తో పెరిగిన మనకి ఈ డౌట్ రాదు. అక్కడ అసలు కథంతా 22 గజాల మధ్యే నడుస్తుంది, కెమెరా ఎటు చూడాలో కెమెరామన్‌కి ముందే తెలుసు. ఈ లెక్క పూర్తిగా తప్పే ఆట ఒకటుంది: ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. అక్కడివాళ్లు ముద్దుగా పిలిచేది ఫుటీ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఫుటీలో మ్యాచ్ టెలికాస్ట్ కన్నా దాని చుట్టూ నడిచే టీవీ ప్రోగ్రామ్‌లే ప్రేక్షకుడికి ఆటని అర్థమయ్యేలా చూపించాయి. చూపించకుండా దాచిందీ చాలావరకు అవే. ఇప్పుడు ఆ బాధ్యత స్ట్రీమింగ్ యాప్‌ల చేతికొచ్చింది. వాటికి ఆ సంగతి ఇంకా ఎక్కినట్టు లేదు.

రెండు నిమిషాల్లో ఆట

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ మీకు తెలిసిందే. 2024 డిసెంబరులో మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్ట్ సెంచరీ కొట్టింది అక్కడే. మనం దాన్ని క్రికెట్ గ్రౌండ్ అనుకుంటాం. మెల్‌బోర్న్ వాళ్లకి మాత్రం మార్చి నుంచి సెప్టెంబరు దాకా అది ఫుటీ గ్రౌండ్. సెప్టెంబరు చివర్లో జరిగే గ్రాండ్ ఫైనల్‌కి లక్ష మంది వస్తారు.

జట్టుకి 18 మంది, మైదానంలో మొత్తం 36 మంది. కోడిగుడ్డు ఆకారపు బంతి. చేత్తో విసరకూడదు. కాలితో తన్నాలి, లేదా ఒక చేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి. కనీసం 15 మీటర్లు ప్రయాణించిన కిక్‌ని గాల్లోనే పట్టుకుంటే అది మార్క్. ఇక ఎవరూ మీద పడరు, తీరిగ్గా తన్నుకోవచ్చు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండిటి మధ్య నుంచి తంతే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, 1 పాయింట్. ఆఫ్‌సైడ్ అనే మాటే లేదు. అంటే బంతి ఒక మూల ఉంటే, ఆటగాడు ఇంకో మూల ఎక్కడైనా నిలబడొచ్చు.

ఈ చివరి రూలే కెమెరాకి చుక్కలు చూపిస్తుంది.

బంతికి దక్కేది 10 పిక్సెళ్లు

చిన్న లెక్క వేద్దాం. ఫుటీ బంతి పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. మెల్‌బోర్న్ మైదానం పొడవు దాదాపు 160 మీటర్లు. అందులో 100 మీటర్లు ఫ్రేమ్‌లో పట్టేలా వైడ్ షాట్ పెట్టారనుకోండి. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920 పిక్సెళ్లు, అంటే మీటరుకి 19. బంతికి దక్కేది 5 పిక్సెళ్లు. 4కేలో 10. అదే మీ ఆరున్నర అంగుళాల ఫోన్‌లో చూస్తే కనిపించేది చిన్న నలక.

అందుకే డైరెక్టర్ జూమ్ చేస్తాడు. కెమెరా బంతి వెనకాలే పరిగెడుతుంది. గాల్లోకి లేచి, పక్కవాడి భుజం మీద మోకాలు పెట్టి మరీ మార్క్ పట్టే షాట్ అద్భుతంగా వస్తుంది. కానీ ఫ్రేమ్‌లో ఉన్నది పది మంది. మిగతా పాతిక మందీ ఏం చేస్తున్నారు? ఎవడు తన మనిషిని వదిలేసి ఖాళీలోకి పరిగెత్తాడు? డిఫెన్స్ వల ఎక్కడ చిరిగింది? ఈ ఆటలో గోల్‌కి అసలు కారణం చాలాసార్లు గోల్‌కి 15 సెకన్ల ముందు, బంతికి 80 మీటర్ల దూరంలో ఉంటుంది. అది మన స్క్రీన్ మీదికి రాదు. ప్యానెల్ ఓఎల్‌ఈడీ అయినా రాదు.

స్టేడియంలో కూర్చున్నవాడికి తల తిప్పితే చాలు. టీవీ ముందు కూర్చున్నవాడికి ఎవరో ఒకరు తర్వాత కూర్చోబెట్టి చెప్పాలి. ఫుటీ ప్రోగ్రామ్‌లకి అక్కడ అంత గిరాకీ ఉండటానికి ఇదొక కారణం.

లైవ్ లేని రోజుల్లో

రెండో కారణం చరిత్రలో ఉంది. మెల్‌బోర్న్‌లో టీవీ వచ్చింది 1956లో. మరుసటి ఏడాదే మ్యాచ్ చివరి క్వార్టర్లు లైవ్‌గా చూపించారు. కానీ టీవీలో ఫ్రీగా వస్తే గేటు దగ్గర టికెట్ ఎవరు కొంటారన్న భయంతో లీగ్ లైవ్‌కి చాలాకాలం దూరం జరిగింది. గ్రాండ్ ఫైనల్ మెల్‌బోర్న్ జనానికి లైవ్‌గా కనిపించింది 1977లో. నార్త్ మెల్‌బోర్న్, కాలింగ్‌వుడ్ మధ్య జరిగిన ఆ మ్యాచ్ కాస్తా టై అయ్యింది, వారం తర్వాత మళ్లీ ఆడాల్సొచ్చింది.

అంటే రెండు దశాబ్దాల పాటు ఇంట్లో కూర్చున్నవాడికి ఫుటీ అంటే ఎక్కువగా ఫుటీ గురించి మాట్లాడే షోలే. ఛానెల్ సెవెన్‌లో వరల్డ్ ఆఫ్ స్పోర్ట్ 1959 నుంచి 1987 దాకా ఆదివారం ఆదివారం నడిచింది. లీగ్ టీమ్స్ అనే ఇంకో షోలో లూ రిచర్డ్స్, జాక్ డయ్యర్, బాబ్ డేవిస్ అనే ముగ్గురు పాత ప్లేయర్లు కూర్చుని, రాబోయే మ్యాచ్‌ల జట్లు చదువుతూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లు. జట్ల లిస్టు చదవడమే షో! మన భాషలో చెప్పాలంటే డేటా ఒక పేజీ, యూఐ మాత్రం ముగ్గురు మనుషులు. బ్రహ్మాండంగా హిట్టయ్యింది.

టేబుల్ చుట్టూ మాజీ ఆటగాళ్లు, బోలెడు జోకులు. ఆ ఫార్మాట్ అక్కడితో పాతుకుపోయింది.

నవ్వుల టేబుల్‌కి ఎవరు దూరం?

1994లో నైన్ నెట్‌వర్క్ దాన్నే పెద్ద వెరైటీ షోగా మార్చింది. పేరు ద ఫుటీ షో. ఎడ్డీ మెక్‌గ్వైర్, శామ్ న్యూమన్, ట్రెవర్ మార్మలేడ్. లైవ్ ఆడియన్స్, పాటలు, స్కిట్‌లు. 2019 దాకా, పాతికేళ్లు నడిచింది. ఫుటీని ఇంట్లో అందరూ కూర్చుని చూసే ఎంటర్‌టైన్‌మెంట్‌గా మార్చిన క్రెడిట్ దానిదే, అందులో డౌట్ లేదు.

కానీ ఆ టేబుల్ దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్ల కళ్లతోనే జనం ఆటని చూశారు. 1993లో సెయింట్ కిల్డా ఆటగాడు నిక్కీ విన్మార్, కాలింగ్‌వుడ్ అభిమానులు జాతి పేరుతో తిడుతుంటే జెర్సీ పైకెత్తి తన చర్మాన్ని వేలితో చూపించాడు. ఆ ఫొటో ఆస్ట్రేలియా చరిత్రలో నిలిచిపోయింది. ఆరేళ్ల తర్వాత అదే విన్మార్ ద ఫుటీ షోకి రావాల్సి ఉండి రాలేదు. శామ్ న్యూమన్ ముఖానికి నల్లరంగు పూసుకుని అతని స్థానంలో కూర్చున్నాడు. నవ్వించడానికి. 2008లో అదే న్యూమన్ ఫుట్‌బాల్ జర్నలిస్ట్ కారొలిన్ విల్సన్ ముఖం ఫొటోని లోదుస్తులు తొడిగిన బొమ్మకి అతికించి స్టూడియోలో ఆట పట్టించాడు. ఆవిడ అప్పటికే ద ఏజ్ పత్రికలో ఫుటీ వార్తలకి పెద్ద దిక్కు.

వీటిని ఒక మనిషి నోటి దురుసు అని కొట్టిపారేయొచ్చు. నాకైతే ఇది ఎడిటింగ్ సమస్యలా కనిపిస్తుంది. ఏది చూపించాలి, దేనికి నవ్వాలి అని నిర్ణయించే గదిలో ఒకే రకం మనుషులు ఉంటే, మైదానంలో జరిగే చాలా విషయాలు ఫ్రేమ్ బయటే ఉండిపోతాయి.

దీనికి జవాబు తక్కువ బడ్జెట్‌తోనే వచ్చింది. మార్న్‌గ్రుక్ ఫుటీ షో. మార్న్‌గ్రుక్ అనేది అక్కడి ఆదివాసుల పాత బంతి ఆట పేరు. రేడియోలో మొదలైన ఈ షో 2007లో ఆదివాసుల ఛానెల్ ఎన్‌ఐటీవీలోకి వచ్చింది. గ్రాంట్ హాన్సెన్, మాజీ ఆటగాడు గిల్బర్ట్ మెక్ఆడమ్, లైలా గురువివి లాంటి ఆదివాసీ హోస్టులు. అదే టేబుల్, అవే మ్యాచ్‌లు, అవే జోకులు. కూర్చున్నవాళ్లు మారారు, అంతే. ఎక్కడో ఎడారి పక్క ఊళ్లో ఆడే టీముల కబుర్లూ, ప్లేయర్ల కుటుంబాల కథలూ ఒక్కసారిగా ఫుటీలో భాగమైపోయాయి. 2019లో దాన్ని ఆపేశారు. మరుసటి ఏడాది యొకాయి ఫుటీ అనే కొత్త షో ఆ జాగాలోకి వచ్చింది.

కొత్త షాట్ ఒక్కటీ లేని సినిమా

ఫుటీ మీద వచ్చిన వాటిలో మీరు ఒక్కటే చూడాలనుకుంటే ద ఫైనల్ క్వార్టర్ చూడండి. 2019 డాక్యుమెంటరీ, దర్శకుడు ఇయాన్ డార్లింగ్. విషయం ఆడమ్ గూడ్స్. సిడ్నీ స్వాన్స్ తరఫున రెండు టైటిళ్లు గెలిచాడు, లీగ్‌లో అత్యున్నతమైన బ్రౌన్‌లో మెడల్ రెండుసార్లు అందుకున్నాడు, 2014లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. 2013లో ఒక మ్యాచ్‌లో తనని కోతిజాతి పేరుతో పిలిస్తే ఎత్తి చూపించాడు. ఆ తర్వాత గ్రౌండ్ గ్రౌండ్‌లో జనం అతన్ని గోల చేసి వెక్కిరించారు. 2015 సీజన్ చివర అతను ఆటకి దూరమయ్యాడు.

ఈ సినిమాలో కొత్తగా తీసిన షాట్ ఒక్కటి లేదు, కొత్త ఇంటర్వ్యూ ఒక్కటి లేదు. మొత్తం పాత టీవీ క్లిప్పులూ, వార్తలూ, ప్యానెల్ చర్చలే. వాటిని వరసగా పేర్చారు. అంతే. టీవీలో ఒక్కో వారం విడివిడిగా చూసినప్పుడు చర్చలా, సరదాలా అనిపించినవి, ఒకదాని పక్కన ఒకటి పెడితే ఒక మనిషిని ఏళ్ల తరబడి తరిమినట్టు కనిపిస్తాయి. సినిమా మొదటి ప్రదర్శన సమయంలోనే లీగ్, 18 క్లబ్బులూ కలిసి గూడ్స్‌కి క్షమాపణ చెప్పాయి.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను కాబట్టి దీన్ని ఇలా అర్థం చేసుకున్నా: సర్వర్ పడిపోయినప్పుడు చాలాసార్లు లాగ్స్ అన్నీ ముందే ఉంటాయి, వరసలో పెట్టి చదివినవాడే ఉండడు. కొత్త కెమెరా, కొత్త కోడెక్, కొత్త రిజల్యూషన్ ఏదీ లేకుండా, ఉన్న ఫుటేజీతోనే అప్పటిదాకా కనిపించనిది కనిపించింది.

దీని పక్కన ఈమధ్య వచ్చిన ఓటీటీ సిరీస్‌లు పెట్టి చూడండి. 2020 కోవిడ్ సీజన్ మీద అమెజాన్ తీసిన మేకింగ్ దెయిర్ మార్క్ 2021లో వచ్చింది. మహిళల లీగ్ మీద డిస్నీ ప్లస్ ఫియర్‌లెస్ 2022లో వచ్చింది. పిక్చర్ క్వాలిటీ అదిరిపోతుంది, డ్రెస్సింగ్ రూమ్ లోపలిదాకా కెమెరా వెళ్తుంది. కానీ క్లబ్బులు తలుపు తీస్తేనే షూటింగ్. కాబట్టి గుచ్చుకునే చోట కాస్త మెత్తగానే వెళ్తాయి. 1997లో వచ్చిన ఇయర్ ఆఫ్ ద డాగ్స్‌లో ఆ మెత్తదనం లేదు. మెల్‌బోర్న్ పడమటి వైపు ఫుట్‌స్క్రే అనే కష్టాల్లో ఉన్న క్లబ్బు 1996 సీజన్ అది. ఓటములు, మధ్యలో కోచ్ ఉద్యోగం ఊడటం, డబ్బుల్లేని బెంగ, అన్నీ ఉన్నదున్నట్టు ఉంటాయి.

స్కోర్‌బోర్డు చెప్పని కథ

సరే, ఇప్పుడు విశ్లేషణ షోల సంగతి. ఫాక్స్ ఫుటీలో ఏఎఫ్‌ఎల్ 360, ఆన్ ద కౌచ్, నైన్‌లో ఫుటీ క్లాసిఫైడ్. వీటికి డేటా కొరత లేదు. ఛాంపియన్ డేటా అనే సంస్థ ప్రతి కిక్కూ, ప్రతి టాకిలూ లెక్కేస్తుంది. ప్లేయర్ల మెడ వెనక జెర్సీలో జీపీఎస్ పరికరం ఉంటుంది. ఆ రంగంలో ప్రపంచమంతా పేరున్న కాటపుల్ట్ కంపెనీ మెల్‌బోర్న్‌లోనే పుట్టింది.

కానీ డేటా ఒక్కటే ఎంత బోల్తా కొట్టిస్తుందో చూడండి. 2008 గ్రాండ్ ఫైనల్. లీగ్ దశలో ఒకే ఒక్క మ్యాచ్ ఓడిన జీలాంగ్, హాథార్న్ చేతిలో 26 పాయింట్ల తేడాతో ఓడింది. జీలాంగ్ స్కోరు 11 గోల్స్, 23 బిహైండ్స్. ఏ యాప్‌లో చూసినా మనకి అర్థమయ్యేది ఒకటే: అన్ని ఛాన్సులు దొరికినా గురి తప్పారు. అసలు సంగతేంటంటే ఆ 23లో 11 బిహైండ్స్ హాథార్న్ డిఫెండర్లు కావాలని ఇచ్చినవి. గోల్ అయితే 6 పోతాయి, మనమే బంతిని గీత దాటిస్తే 1 పోతుంది, ఆపైన బంతి మన చేతికొస్తుంది అని లెక్కేశారు. దెబ్బకి మరుసటి ఏడాది లీగ్ రూలే మార్చింది. ఇంకా పెద్ద కథ: ఆ ఏడాది హాథార్న్ కోచ్ క్లార్క్‌సన్ ఒక్కో మనిషిని కాపలా కాయడం తగ్గించి, మైదానం మీద వలలాగా కదిలే జోన్ పెట్టాడు. ఆ వల బంతి వెనక పరిగెత్తే కెమెరాలో కనిపించదు. గోల్ వెనక ఎత్తులో పెట్టిన కెమెరాలో మాత్రం మొత్తం కనిపిస్తుంది.

కోచ్‌లు చూసుకునేది ఆ వీడియోనే. మంచి ఫుటీ షోలో మంచి సెగ్మెంట్ అంటే కూడా అదే. గోల్ వెనక షాట్ పెట్టి, ఫ్రీజ్ చేసి, ఇదిగో ఇక్కడ వీడు రెండడుగులు ముందుకొచ్చాడు, వెనక సందు తెరుచుకుంది అని చూపిస్తారు. డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టినట్టే. ఒక నిమిషంలో అరగంట ఆట అర్థమైపోతుంది. బాధేంటంటే గంట షోలో అలాంటి నిమిషాలు కొన్నే. మిగతాదంతా ఎవరి కాంట్రాక్ట్ ఎటు, ఏ కోచ్ సీటు కదులుతోంది. ఆట పేరు చెప్పి కబుర్లు అమ్ముకోవడం.

నాలుగు కిటికీలు, ఒకటే చూపు

ఇక యాప్‌ల దగ్గరికొద్దాం. ఫాక్స్‌టెల్ 2018లో తెచ్చిన కేయో, ఇంజినీరింగ్ పరంగా మంచి ప్రొడక్ట్. స్ప్లిట్ వ్యూలో ఒకేసారి నాలుగు వీడియోలు, కీలక ఘట్టాలకి నేరుగా దూకడం, స్కోర్లు దాచే నో స్పాయిలర్ మోడ్. అంతా బాగానే ఉంది. కానీ నాలుగు కిటికీల్లో నాలుగు మ్యాచ్‌లు పెట్టుకుంటే, నాలుగింటిలోనూ కెమెరా బంతి వెనకాలే పరిగెడుతుంటుంది. సగం సగం కనిపించే నాలుగు ఆటలు. ఒకే మ్యాచ్‌ని రెండు కోణాల్లో, మామూలు ఫీడ్ పక్కన గోల్ వెనక ఫీడ్ పెట్టుకుని చూడగలిగితే అది వేరే లెవెల్.

మన దగ్గరా ఇదే తంతు. 2023 ఐపీఎల్‌కి జియోసినిమా మల్టీ కెమెరా ఇచ్చింది, తెలుగు సహా 12 భాషల్లో చూపించింది. భాష ఆప్షన్ నిజంగా ఉపయోగపడింది. కెమెరా ఆప్షన్లు ఎంతమంది వారం తర్వాత కూడా వాడారో మీకే తెలుసు.

ఖర్చు ఎక్కువ కదా అంటారా? గోల్ వెనక కెమెరా పెద్దగా కదలదు. బ్యాక్‌గ్రౌండ్ మారదు కాబట్టి వీడియో బాగా కంప్రెస్ అవుతుంది, జూమ్‌లు పాన్‌లతో నిండిన మెయిన్ ఫీడ్ కన్నా తక్కువ బిట్‌రేట్ చాలు. వ్యూహాలు బయటపడతాయంటారా? ప్రత్యర్థి కోచ్‌లు ఎలాగూ చూస్తున్నారు. తెలియకుండా మిగిలింది డబ్బు కట్టిన ప్రేక్షకుడే. జనానికి సరదా కావాలి, పాఠం కాదు అనే మాటలో మాత్రం నిజముంది. మిక్ మొల్లోయ్, శామ్ పాంగ్, ఆండీ మహర్ చేసే ద ఫ్రంట్ బార్ చూడండి. పూర్తిగా కామెడీ. కానీ పాత క్లిప్పులు తవ్వి తీసి, వాటి చుట్టూ నవ్విస్తారు. సరదాగా ఉంటూనే ఆటని చూపించొచ్చని ఆ షోనే రుజువు.

డబ్బుల సంగతి చిన్నది కాదు. 2025 నుంచి 2031 దాకా టీవీ హక్కులకి ఫాక్స్‌టెల్, సెవెన్ కలిసి 450 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకి ఒప్పందం చేసుకున్నాయి. గ్రాండ్ ఫైనల్ ఇప్పటికీ ఫ్రీ ఛానెల్లోనే వస్తుంది. కానీ కొత్త ఒప్పందంతో సీజన్ మొదటి వారాల్లో విక్టోరియా రాష్ట్రంలో శనివారం మ్యాచ్‌లు ఎక్కువగా డబ్బు కట్టినవాళ్లకే. ఒకప్పుడు గేటు దగ్గర టికెట్ కొనమన్న లీగ్, ఇప్పుడు యాప్ దగ్గర కొనమంటోంది. అలాంటప్పుడు యాప్ ఇచ్చేది ఫ్రీ ఛానెల్ కన్నా ఎక్కువ ఆట అయ్యుండాలి కదా.

ఇందులో మనవాళ్లూ ఉన్నారు. మెల్‌బోర్న్ పడమటి శివార్లు, టార్నీట్, పాయింట్ కుక్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ పక్క క్లబ్బు వెస్టర్న్ బుల్‌డాగ్స్, అంటే పైన చెప్పిన ఫుట్‌స్క్రేనే. పేరు మార్చుకుని, 2016లో టైటిల్ కూడా కొట్టింది. పిల్లలు స్కూల్లో ఫుటీ బంతి పట్టుకుంటారు, ఆస్‌కిక్ క్లాసులకి వెళ్తారు. క్రికెట్ తప్ప ఇంకేదీ పట్టని అమ్మానాన్నలకి ఆ ఆట అర్థమవ్వాలంటే దారి టీవీయే. అరిచే ప్యానెల్ వాళ్లకి ఏమీ నేర్పదు. మైదానం మొత్తం చూపించి, ఇదిగో ఇందుకే గోల్ పడింది అని ఒక్క నిమిషం చెప్పే షో నేర్పుతుంది.

మన రివ్యూల్లో మార్చాల్సింది

కంపెనీలు రివ్యూలు చదువుతాయి. మనం దేనికి మార్కులేస్తే అదే తయారుచేస్తాయి. కాబట్టి ఇకనుంచి స్పోర్ట్స్ యాప్ రివ్యూ చేసేటప్పుడు 4కే, లేటెన్సీ కాలమ్‌ల పక్కన ఇంకో మూడు ప్రశ్నలు పెట్టాలని నా మాట. బంతి లేని చోట ఏం జరుగుతోందో చూసే ఆప్షన్ ఉందా? ఒక గోల్ లేదా వికెట్ ఎందుకు పడిందో వెనక్కి వెళ్లి తెలుసుకునే వీలుందా, లేక హైలైట్ మాత్రమే ఉందా? పాత మ్యాచ్‌లు, పాత ప్రోగ్రామ్‌లు దొరుకుతున్నాయా, లేక సీజన్ అయిపోగానే మాయమవుతున్నాయా?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం అంటాను. టీవీ ఛానెళ్ల పాత టేపులు భద్రంగా ఉండబట్టే ద ఫైనల్ క్వార్టర్ సాధ్యమైంది. ఇవాళ్టి యాప్‌లు హక్కుల గడువు తీరగానే ఆర్కైవ్ తీసేస్తే, రేపు ఎవరైనా వరసలో పెట్టి చూద్దామన్నా చూడటానికి ఏమీ ఉండదు. అప్పుడు అది 4కేలో తీసినా ఒకటే, 480పీలో తీసినా ఒకటే.